గని గుంటలోంచి లేచిన భూతం

మా ఊళ్ళో తీసిన సినిమా ఒక్కటే. దాని పేరు 'ఇనుము తినేవాడు'. ఏదో గ్రహం నుంచి ఒక భూతం మా గని గుంటలో దిగుతుంది. ముందు ఖనిజం తింటుంది, అది చాలక రైలు పట్టాలు, కార్లు తింటుంది. ఊళ్ళోవాళ్ళు పరుగులు పెడతారు. చివరికి సైన్సు మాస్టారు దానికి తుప్పు పట్టించి చంపేస్తాడు. 1959లో మినియాపొలిస్ నగరం నుంచి సినిమావాళ్ళ చిన్న గుంపు ఒకటి వచ్చి, ఆకులు రాలే కాలంలో గబగబా తీసేసుకుని వెళ్ళిపోయింది. అప్పటికే గని మూతపడి, గుంట నిండా నీళ్ళు చేరి చెరువులా అయింది. ఇప్పటికీ అలాగే ఉంది.

భూతం వేషం రూడీ జగార్ వేశాడని ఊరంతా చెప్పుకుంటారు. అప్పట్లో ఆయన హైస్కూలు ఐస్ హాకీ జట్టులో గోలీ, అంటే గోలు కాసేవాడు. మనిషి తలుపంత ఉండేవాడట. ప్రతి జులైలో ఊరి పండుగకి ట్రక్కు వెనకాల రబ్బరు ముఖం పెట్టుకుని నిలబడి పిల్లల మీదకి మిఠాయిలు విసిరేవాడు. నాకూ తగిలాయి. ఆయన పోయి కొన్నేళ్ళయింది.

ఐలి అమ్మమ్మ మాత్రం వేరేగా చెప్పేది. ఆవిడ మా అమ్మమ్మకి చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. గుంటకి అవతలి గట్టున ఒక్కతే ఉంటుంది.

"నడిచింది రూడీయే, కార్లు పీకింది రూడీయే. నీళ్ళలోంచి లేచి వచ్చింది మాత్రం నేను. వాడికి ఈత రాదు," అనేది.

ఈ మాట ఎప్పుడో చర్చి కింద గదిలో అందరూ కాఫీ తాగుతుంటే అందట. రూడీ భార్య ఫ్రాన్సెస్ మామ్మ గారు వెంటనే, "చంద్రుడి మీద దిగింది కూడా నువ్వేనేమో కనుక్కోవే ఐలీ," అందట. నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టిందని మా అమ్మ చెప్పింది. ఆ తర్వాత ఎవరైనా గొప్పలు చెప్పుకుంటే 'ఐలి ఈత' అనడం మా ఊళ్ళో అలవాటైంది. నేను కూడా బళ్ళో ఆ మాట విన్నాను, అది మా ఐలి అమ్మమ్మ గురించని తెలియకముందే. ఐలి అమ్మమ్మ ఊరి పండుగకి రావడం మానేసింది. ఆ రోజు పడవేసుకుని చేపలకి వెళ్ళిపోతుంది.

ఈ ఏడాది గుంట గట్టున ఆ సినిమా గుర్తుగా ఒక రాయి నిలబెట్టాలని ఊరివాళ్ళు తీర్మానించారు. దాని మీద ఇత్తడి పలక. పలక మీద రాయబోయే మాటలు వారపత్రికలో వేశారు. 'భూతంగా రూడీ జగార్ ఈ నీళ్ళలోంచే నడిచి వచ్చాడు' అని.

నేను వెళ్ళేసరికి ఐలి అమ్మమ్మ పత్రిక బల్ల మీద పరుచుకుని, 'నీళ్ళలోంచే' అన్న చోట వేలు పెట్టి కూర్చుంది.

"గట్టు మీద నడిచాడని రాసుకోమను. నాకేం బాధ లేదు. ఈ ఒక్క మాట ఎందుకు రాయాలి?" అంది.

"వాళ్ళకి తెలియక రాశారు అమ్మమ్మా."

"నేను చెప్పాను కదా. తెలియకపోవడమేంటి? నమ్మలేదంతే. నేను పోయేలోపు ఒక్క మనిషి నమ్మితే చాలు పిల్లా."

"నేను నమ్ముతున్నాగా."

"నువ్వు నా మనవరాలివి. నీ నమ్మకం లెక్కలోకి రాదు."

ఆ సినిమా మా ఇంట్లో ఉంది. పెట్రోలు బంకులో అమ్మే డిస్కుల పెట్టె, యాభై పాత సినిమాలు కలిపి. ఆ సాయంత్రమే వేసి చూశాను. భూతం నీళ్ళలోంచి లేచే చోట తెర మీద నలుపులో నలుపు కదిలింది. అది భూతమో, పొదో, ఎవరైనా విసిరేసిన టైరో చెప్పలేం. మనిషి ఎవరో తేల్చడం ఆ తర్వాతి మాట. ఇంతకన్నా మంచి కాపీ ఎక్కడో ఉండకపోదు అనిపించింది.

మంచి కాపీల సంగతి తెలిసినవాళ్ళు మా చుట్టుపక్కల ఒక్కరే, ఎంగ్‌స్ట్రమ్ డాక్టరు గారు. పళ్ళ డాక్టరు. మా నాన్న పళ్ళు, నా పళ్ళు ఆయనే పీకారు. ఇప్పుడు పని మానేసి ఇంటి కింద గదిలో కూర్చుని పాత సినిమాలు చూస్తుంటారు. అన్నీ ఈ రకానివే, గ్రహాలు, పురుగులు, రేకు డబ్బాతో చేసిన రాకెట్లు. పెద్ద సినిమాలు ఆయనకి పట్టవు. వాటిని చూసుకోవడానికి బోలెడు మంది ఉన్నారంటారు. నాకు కొత్తవాళ్ళతో మాట్లాడటమంటే బెదురు. కానీ ఆయన ముందు ఎప్పుడూ నోరు తెరిచే కూర్చున్నాను కాబట్టి అంత భయం వెయ్యలేదు.

"పెట్రోలు బంకు పెట్టెలో చూశావా?" అన్నారాయన, నేను తినకూడనిది తిని వచ్చినట్టు. "ఏం కనిపించింది?"

"ఏం కనిపించలేదండీ."

"కనిపించదు. అది కాపీకి కాపీ, దాని కాపీకి కాపీ. పైగా ఒక్క డిస్కులో పది సినిమాలు కుక్కుతారు. ఇలా రా."

గోడ పొడుగునా అలమరలు. ఒకే సినిమా నాలుగైదు రకాలు ఉంది ఆయన దగ్గర. ఒక డిస్కు వేసి హీరోయిన్ ముఖం దగ్గర ఆపారు.

"ఈవిడ ఎలా ఉంది?"

"నున్నగా ఉంది."

"మైనపు బొమ్మలా ఉంది. ఫిల్ము మీద సన్నటి ఇసకలాంటిది సహజంగా ఉంటుంది. దాన్ని మురికి అనుకుని కంప్యూటర్‌తో తుడిచేశారు. ఇసకతో పాటు చర్మం, జుట్టు, గుడ్డ నేత అన్నీ పోయాయి. పాచి తియ్యమంటే పన్నే అరగదీసినట్టు." ఇంకోటి వేశారు. "ఇది చూడు. ఇసక ఉంది, మొటిమ కూడా ఉంది. ఇది మంచి కాపీ."

ఇంకో సంగతి కూడా చెప్పారు. బొమ్మ వెడల్పుగా, పైనా కిందా తక్కువగా ఉంటే అది థియేటర్లో చూపించిన ఆకారమట. టీవీల కోసం చేసిన పాత టేపుల్లో బొమ్మ చదరంగా ఉంటుందట.

"చదరంగా కనిపిస్తే ముట్టుకోకు," అన్నారు.

'ఇనుము తినేవాడు' అసలు నెగెటివ్ ఈమధ్యనే దర్శకుడి కూతురింటి గరాజ్‌లో దొరికిందని, మిషిగన్‌లో ఎవరో చిన్న కంపెనీవాళ్ళు దాన్ని బ్లూ-రే డిస్కుగా తెస్తున్నారని ఆయనే చెప్పారు. ముందే డబ్బు కట్టి కూర్చున్నారు. "కాపీ కాదమ్మా, నెగెటివ్! భూతం కళ్ళలో నీళ్ళు కూడా కనిపిస్తాయి," అన్నారు.

వేసవి సెలవులకి బళ్ళు మూసే రోజుల్లో డిస్కు వచ్చింది. ఐలి అమ్మమ్మని బతిమాలి తీసుకెళ్ళాను. డాక్టరు గారు ఆవిడకి మంచి కుర్చీ వేశారు.

"పళ్ళెలా ఉన్నాయి ఐలి గారూ?"

"ఇంట్లో ఉన్నాయి. చేపల్లేకుండా పళ్ళెందుకని తేలేదు."

డిస్కు వేశారు. ఊరు ఊరంతా అందులో ఉంది. మూతపడ్డ సినిమా హాలు, పాత పోస్టాఫీసు, గాలికి ఊగే కంచె తీగలు. నలుపు తెలుపు సినిమానే, కానీ గట్టు మీది మట్టి ఎర్రదని చూస్తూనే తెలిసిపోతోంది. తర్వాత గుంట వచ్చింది. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. ముందు రెండు బుడగలు. ఆ తర్వాత కొమ్ముల తల, భుజాలు, చేతులు. భూతం మెల్లగా లేచి గట్టు మీదకి నడిచింది. రబ్బరు మీద ప్రతి పొలుసూ కనిపించింది. వాటి మీద జారే ప్రతి చుక్కా కనిపించింది.

"నేనే," అంది ఐలి అమ్మమ్మ.

డాక్టరు గారు ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ వేశారు. మళ్ళీ చూశాం. ఎన్నిసార్లు చూసినా పైనుంచి కిందిదాకా రబ్బరే. తలుపంత గోలీ ఉన్నా, సన్నటి అమ్మాయి ఉన్నా ఆ రబ్బరు లోపల ఒకేలా కనిపిస్తారు.

"ఇంత శుభ్రంగా ఉండి ఏం లాభం?" అన్నాను. నాకు ఏడుపొచ్చేలా ఉంది.

"కాళ్ళు చూపించరేం?" అంది ఐలి అమ్మమ్మ. "మోకాళ్ళ కింద కోసేశాడు ఈ డిస్కువాడు."

"కాళ్ళకేముంది?" అని డాక్టరు గారు అడిగారు.

"ఏమీ లేదు. అదే కదా. రబ్బరు పాదాలు ఇచ్చారు, ఒక్కోటి కుండంత ఉంది. వాటిలోకి నీళ్ళు దూరి నన్ను కిందకి లాగేశాయి. ఊడబీకి పారేసి పైకి తేలాను. కెమెరా అతన్ని అడిగితే, పరవాలేదు పిల్లా, పాదాలు తెర మీదకి రావులే అన్నాడు. అలా ఉత్త కాళ్ళతోనే నడిచాను."

డాక్టరు గారు లేచి నిలబడ్డారు. "తెర మీదకి రావు అన్నాడా? కెమెరాలోకి రావు అన్లేదు కదా?"

"అరవై ఏళ్ళయింది డాక్టరూ. తెర అనే అన్నాడు."

ఆయన నుదురు కొట్టుకుని మాకు విడమరిచి చెప్పారు. ఇలాంటి చవక సినిమాల్లో కెమెరా చదరపు బొమ్మనే పట్టేదట. థియేటర్లో మెషిన్ ముందు ఒక రేకు పెట్టి పైనా కిందా కప్పేసి వెడల్పుగా చూపించేవాళ్ళు. కప్పేసిన చోట మైకు కర్ర కనిపించినా, లైటు స్టాండు కనిపించినా పట్టించుకునేవాళ్ళు కాదు, ఎలాగూ ఎవరూ చూడరని. ఈ కొత్త డిస్కువాళ్ళు థియేటర్లో లాగే కప్పారు. టీవీ టేపులు చేసినవాళ్ళకి ఆ శ్రద్ధ లేదు. రేకు తీసేసి మొత్తం చూపించేశారు.

"అయితే చదరపు టేపులో కాళ్ళు ఉంటాయా?" అన్నాను.

"ఉంటాయి."

"మీ దగ్గరుందా?"

ఆయన అలమర వైపు చూసి, కిందకి చూశారు. "ఉండేది. ఆకారం తప్పని చర్చి పాత సామాన్ల అమ్మకంలో ఇచ్చేశాను. మాలాంటివాళ్ళం ఎవరం దాచుకోమమ్మా. దాచుకుంటే నవ్వుతారు."

"ఎవరు కొన్నారు?"

"ఇంకెవరు? ఫ్రాన్సెస్ జగార్."

ఐలి అమ్మమ్మ కుర్చీలోంచి లేచింది. "పద, ఇంటికెళ్దాం," అంది.

ఫ్రాన్సెస్ మామ్మ గారి ఇంటికి నేను ఒక్కదాన్నే వెళ్ళాను. గుమ్మం ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, ఆవిడే తలుపు తీసి, "బిస్కెట్లు అమ్మడానికి వచ్చావా? నాకు షుగరు," అంది.

"కాదండీ మామ్మగారూ. నేను ఐలి అమ్మమ్మ మనవరాలిని. నా పేరు కైసా. చర్చి అమ్మకంలో మీరు కొన్న ఆ సినిమా టేపు ఒకసారి చూపిస్తారా?"

ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసింది. "ఓహో. ఈత గుంపా! రా, రా. గుమ్మంలోనే నిలబెట్టి పంపానని మళ్ళీ అదో కథ అల్లుతారు."

లోపల గోడ నిండా రూడీ గారి ఫోటోలు. ఆవిడ టేపు పెట్టి, ఎక్కడుందో వెతక్కుండానే సరిగ్గా ఆ చోటికి తెచ్చి ఆపింది. ఎన్నోసార్లు చూసి ఉంటుంది. బొమ్మ చదరంగానే ఉంది. పైన, ఆకాశంలోంచి ఒక నల్లటి కర్ర వేలాడుతోంది. కింద భూతం కాళ్ళ చివర రెండు తెల్లటి ముద్దలు ఉన్నాయి. అంతకు మించి ఏమీ లేదు. టేపు అరిగిపోయి బొమ్మ అటూ ఇటూ వణుకుతోంది.

"అవి పాదాలండీ," అన్నాను.

"అవి బంగాళాదుంపలు. లేకపోతే నురగ. నాకెన్నిసార్లు చూసినా అలాగే కనిపించాయి." ఆవిడ రిమోట్ ఒళ్ళో పెట్టుకుంది. "చూడమ్మాయ్, మీ ఐలి అబద్ధాలకోరు అని నేనెప్పుడూ అనలేదు. ఒంటరి మనిషి, ఏదో ఊహించుకుంది. కానీ మా ఆయన యాభై ఏళ్ళు ఆ ట్రక్కెక్కాడు. నీళ్ళలోంచి వచ్చింది తను కాకపోతే నాతో చెప్పడా? ఒక మంచం మీద పడుకున్నవాళ్ళం."

థాంక్స్ చెప్పి వచ్చేశాను.

అంటే సంగతి ఇదీ. కాళ్ళున్న టేపులో కాళ్ళు కనిపించవు. కనిపించే డిస్కులో కాళ్ళు లేవు. డాక్టరు గారికి ఫోన్ చేసి చెబితే, "కంపెనీవాళ్ళు నెగెటివ్ మొత్తం స్కాన్ చేసి ఉంటారు. రేకు తర్వాత కంప్యూటర్‌లో వేసుకుంటారు. అడగాలి," అన్నారు.

"మీరు అడగండి."

"నేనా? చదరపు బొమ్మ కావాలని నేను అడిగానని తెలిస్తే నా పరువేం కావాలి? నన్నందరూ ఎరుగుదురమ్మా అక్కడ. పైగా ఆవిడ మీ అమ్మమ్మ. నువ్వే అడుగు."

ఐలి అమ్మమ్మ ఇంట్లో సానా అనే ఆవిరి స్నానాల గది ముందున్న గదిలో కట్టెల మీద కూర్చుని ఫోన్ చేశాను. అక్కడైతే ఎవరూ వినరు. ఫోన్ ఎత్తింది మారిసోల్ అనే ఆవిడ. డిస్కు తయారు చేసింది తనేనట.

"మీ దగ్గర కింది భాగం ఉందా అండీ?" అన్నాను.

"దేని కింది భాగం?"

"బొమ్మది."

ఆవిడ నిట్టూర్చింది. "ఆకారం గురించి ఫిర్యాదా? థియేటర్లో ఎంత చూపించారో అంతే ఉంచాం, తల్లీ. పోయిన సినిమాకి వెంట్రుకవాసి ఎక్కువ కనిపించిందని డిస్కులు తిప్పి పంపారు. ఇంతకీ మీకు ఎక్కువైందా, తక్కువైందా?"

"అది కాదండీ. నాకు తప్పు ఆకారమే కావాలి."

"అలా అడిగినవాళ్ళు మీరే మొదలు. ఎందుకో చెప్పండి," అంది. గొంతు మారింది.

చెప్పాను. మధ్యలో ఆగిపోతే ఇంక చెప్పలేనని ఆగకుండా చెప్పాను. రాయి, ఇత్తడి పలక, కుండంత పాదాలు, బంగాళాదుంపలు, అన్నీ. ఆవిడ నవ్వలేదు.

"ఆ సీను మీద గీతలు తుడుస్తూ నెల రోజులు కూర్చున్నా. కనబడే భాగంలోనే తుడుస్తాం. కింద ఏముందో చూడనేలేదు. ఉండు." మీటలు నొక్కుతున్న చప్పుడు. కుర్చీ కిర్రుమంది. "అమ్మాయీ, పాదాలున్నాయి."

"ఎలా ఉన్నాయండీ?"

"పాదాల్లా ఉన్నాయి. ఎవరివో నాకేం తెలుసు? మా ఓనర్ని అడిగి పంపిస్తా. గీతలుంటాయి మరి, ఏమనుకోకు."

మర్నాడే పంపింది. డాక్టరు గారి పెద్ద టీవీలో వేసి చూశాం. చూశాక ఆయన గదిలో గబగబా అటూ ఇటూ తిరిగారు. "పండుగ రోజు ఊరి హాల్లో పెద్ద తెర మీద వేద్దాం! ఊరంతా ఉంటారు. ఒక్క దెబ్బకి తేలిపోతుంది!"

"వద్దు," అంది ఐలి అమ్మమ్మ.

"ఎందుకు అమ్మమ్మా? ఇన్నేళ్ళు నవ్వారు కదా."

"ముందు ఫ్రాన్సెస్ చూడాలి. అది దాని మొగుడి సంగతి. హాల్లో అందరి మధ్య కూర్చోబెట్టి దాని ముఖాన కొడతామా? అది చూసి కాదంటే కాదు. ఇంక ఎవరికీ చూపించక్కర్లేదు."

"ఆవిడ కాదంటుందండీ," అన్నారు డాక్టరు గారు. "చూస్తూ చూస్తూ ఎవరు ఒప్పుకుంటారు?"

"అయితే అంతే," అంది.

ఆదివారం చర్చి అయ్యాక ముగ్గురం వెళ్ళాం. ఐలి అమ్మమ్మ ఆ ఇంటి గడప తొక్కి ఎన్నాళ్ళయిందో. ఫ్రాన్సెస్ మామ్మ గారు వాల్‌నట్లు పెట్టి చుట్టిన రొట్టె కోసి పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు. డాక్టరు గారు తీగలు కలుపుతుంటే, "నా టీవీ పాడుచేస్తే నీ దగ్గరే కొత్త పళ్ళు ఉత్తినే కట్టించుకుంటా," అంది ఆవిడ. గొంతులో మాత్రం వేళాకోళం లేదు.

బొమ్మ మొదలైంది. పైన మైకు కర్ర, దాన్ని పట్టుకున్నవాడి టోపీ అంచు కూడా కనిపించాయి. నీళ్ళు, బుడగలు, కొమ్ములు. భూతం గట్టెక్కింది. అడుగున గీతలు వానలా పడుతున్నాయి, ఆ గీతల వెనక రాళ్ళ మీద రెండు ఉత్త పాదాలు. చలికి వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి.

"ఆపు," అంది ఫ్రాన్సెస్ మామ్మ గారు. "అక్కడే ఉంచు."

కళ్ళజోడు మార్చుకుని టీవీ దగ్గరికి వెళ్ళింది. ముక్కు తెరకి తగిలేంత వంగింది. నేను ఐలి అమ్మమ్మ వైపు చూశాను. ఆవిడ టీవీ చూడటం లేదు, ఫ్రాన్సెస్ మామ్మ గారి వీపు చూస్తోంది.

"రూడీవి ఎలుగుబంటి కాళ్ళు," అంది ఫ్రాన్సెస్ మామ్మ గారు, వెనక్కి తిరక్కుండానే. "వేళ్ళ మీద కూడా వెంట్రుకలే. స్కేట్లు నొక్కి బొటనవేలి గోరు చిన్నప్పుడే ఊడింది, మళ్ళీ సరిగ్గా రాలేదు. చివర్లో వంగలేకపోతే నేనే కత్తిరించేదాన్ని." తెర మీద వేలు పెట్టింది. "ఇవి వాడివి కావు."

ఆవిడ మా వైపు తిరిగింది.

"ఏదీ, సాక్సు తియ్యవే ఐలీ."

"ఇక్కడా?"

"మరి వీధిలోనా? తియ్యి."

ఐలి అమ్మమ్మ వంగి బూటు విప్పింది, సాక్సు లాగింది. కాలు ముడతలు పడి, కీళ్ళు ఉబ్బి ఉంది. చిటికెన వేలు పక్క వేలి మీదకి ఎక్కి కూర్చుంది. తెర మీద కూడా చిటికెన వేలు అలాగే ఎక్కి కూర్చుంది. ఫ్రాన్సెస్ మామ్మ గారు దాన్నీ దీన్నీ రెండు మూడు సార్లు చూసి వచ్చి కుర్చీలో కూలబడింది.

"పడవెక్కేవాడు కాదు," అంది. మాతో కాదు, తనలో తను అనుకున్నట్టు. "చేపల వాసన పడదనేవాడు. వేయించి పెడితే మాత్రం పళ్ళెం ఖాళీ. సానాలోంచి అందరూ చెరువులోకి దూకితే వాడు బకెట్టుతో పోసుకునేవాడు. పిల్లలకి ఈత నేర్పమని ఎన్నేళ్ళు పోరాను! నాక్కూడా చెప్పలేదు చూడు."

"చెప్పొద్దని డైరెక్టరు ఇద్దరితోనూ ఒట్టేయించుకున్నాడు," అంది ఐలి అమ్మమ్మ. "అప్పటికే పేపర్లో వాడి ఫోటో వేసేశారు."

"తర్వాతైనా చెప్పొచ్చుగా?"

"తర్వాత ట్రక్కెక్కించారు కదే. ఎక్కాక దిగడం కష్టం."

"నువ్వు చెప్పావు."

"నేను చెప్పాను."

ఫ్రాన్సెస్ మామ్మ గారు ఏప్రన్ కొసతో కళ్ళజోడు తుడుచుకుంది. "నేనే నవ్వించాను అందర్నీ. చంద్రుడు, అదీ ఇదీ అని."

"బాగానే నవ్వించావు. నాకూ నవ్వొచ్చింది, ఇంటికెళ్ళాక."

"అబద్ధం."

"అబద్ధమే."

డాక్టరు గారు గొంతు సవరించుకుని పలక మాట ఎత్తబోయారు. ఆవిడ చెయ్యెత్తి ఆపేసి, లేచి వంటింటి గోడకున్న ఫోన్ తీసి ఎవరికో చేసింది. "చెక్కేశారా? చెక్కకపోతే ఆపండి. ఆ మాట తప్పు. ఎవరు చెప్పారంటే, నేను చెప్తున్నాను, వాడి పెళ్ళాన్ని," అంది. అవతల ఏమన్నారో గాని, "నేను వచ్చి చెప్పాలా, నువ్వే వస్తావా?" అని పెట్టేసింది.

తిరిగి వచ్చి కాఫీ పోసింది. ముందు ఐలి అమ్మమ్మకి పోసింది. రొట్టె పళ్ళెం అటు జరిపింది. ఐలి అమ్మమ్మ ఒక కాలికి సాక్సు లేకుండానే కూర్చుని ఉంది. తెర మీద భూతం గట్టున అలాగే ఆగి ఉంది.

"వాడు ఎక్కడున్నాడప్పుడు?" అంది ఫ్రాన్సెస్ మామ్మ గారు.

"గట్టు మీదే. నా తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. నాకన్నా వాడే ఎక్కువ వణికాడు."

ఆవిడ తల ఊపింది. కప్పు పక్కకి జరిపి అడిగింది, "నీళ్ళు ఎలా ఉన్నాయే?"

ఆ మాట ఐలి అమ్మమ్మని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు. ఆవిడ కప్పు కింద పెట్టింది.

"అక్టోబరు కదా," అంది. "ముందు మోకాళ్ళు ఉన్నట్టు తెలియదు. తర్వాత మెడ దగ్గర్నుంచి రబ్బరులోకి దిగుతాయి, సన్నగా, సూదిలా. ముఖంలో చిల్లులు రెండే, వాటిలోంచి ఆకాశం కనిపించేది. కెమెరావాడు చెయ్యెత్తేదాకా మునిగే ఉండాలి. కింద పాత పట్టాలు తగిలాయి కాలికి..."

ఫ్రాన్సెస్ మామ్మ గారు కుర్చీ దగ్గరికి లాక్కుంది.